కర్పూరవల్లి మడి

ఎనభైలలో పాపిరెడ్డిపట్టిలో మాకు పప్పుల అంగడి ఉండేది. ఇంటి వెనక గదిలో మూటలు, దాని పక్కనే మా అమ్మ పెంచే ఆకుల మడి: తులసి, పుదీనా, కర్పూరవల్లి. తెల్లవారగానే అమ్మ అక్కడ గంటసేపు కలుపు తీసి, బిందెతో నీళ్లు పోసేది. వీధిలో ఎవరికి దగ్గు వచ్చినా ఆకు కోసం మా ఇంటికే వచ్చేవారు.

ఒక ఉదయం అమ్మ లోపలికి వెళ్లాక, మడిలోంచి చీమలు బారు కట్టి మూటలకేసి పోతుంటే చూశాను. మూటల కింద వేసే పురుగుల మందు పొడి తెచ్చి మొక్కల మీద చల్లాను. అమ్మకు చెప్పాలనుకున్నాను. ఇంతలో బొమ్మిడి నుంచి సరుకు బండి వచ్చింది, మరిచిపోయాను. తర్వాత పడ్డ తుంపరకు పొడి తెలుపు కూడా కనబడకుండా పోయింది.

మధ్యాహ్నం భోజనానికి వచ్చేసరికి నాలుగేళ్ల నా కూతురు అమ్మ ఒడిలో దగ్గుతోంది. కర్పూరవల్లి ఆకులు పెనం మీద వాడ్చి, పిండిన రసంలో తేనె కలిపి, అమ్మ గిన్నె పాప నోటి దగ్గర పెట్టింది.

"తాగు తల్లీ. లేకుంటే మీ నాయన తాగేస్తాడు."

పాప నోరు తెరిచింది. నేను పరుగెత్తి గిన్నెను కొట్టాను. రసం గోడంతా చిమ్మింది.

"ముందే ఏమన్నా తాగిందా?"

"లేదు, ఇదే మొదలు. ఏమైందిరా నీకు?"

నా భార్య వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఆమె ముందు తప్పు ఒప్పుకోలేక అమ్మ మీద అరిచాను.

"ఈ చెత్తాకులా పిల్లకు పోసేది? ఊర్లో డాక్టరు లేడా?"

ఆ సాయంత్రమే మొక్కలన్నీ పీకి దూరంగా పూడ్చిపెట్టాను. అదీ నా కోపమే అనుకుంది అమ్మ.

మరుసటి రోజు నుంచి ఆమె పెరట్లోకి వెళ్లలేదు. పొద్దంతా మంచం మీదే. నెల తిరిగేసరికి గోడ పట్టుకోనిదే లేవలేకపోయింది. ఆ ఆకులు దగ్గుకు ఎంత మేలు చేసేవో నాకు తెలియదు. అమ్మ మోకాళ్లను మాత్రం ఆ మడే ఆడించేది.

అప్పుడు అమ్మకు మందు చల్లిన సంగతి చెప్పాను.

"ఆ పొద్దే చెప్పుంటే మన్ను మార్చి మళ్లా నాటుకొనుంటిని కదరా. నా చేత్తో బిడ్డకు ఏం కీడు చేసినానో అని నెలంతా ఏడిస్తిని."

కొత్త మట్టితో తొట్లు నింపి ముంగిట్లో పెట్టాను. అమ్మ స్టూలు వేసుకుని మళ్లీ నీళ్లు పోసింది. కానీ ఆకు తుంచే ముందు ప్రతిసారీ, పాప వింటుండగానే, నావైపు తిరిగేది.

"ఏమన్నా చల్లినావా?"

లేదమ్మా అని నేను పైకి చెప్పేదాకా కోసేది కాదు.