చిలుములోని అక్షరాలు

శుక్రవారం పొద్దున ఆంటీ దేవుడి సామాన్లతో పాటు ఆ నాణేన్ని కూడా చింతపండూ ఉప్పూ వేసి తోమేశారు. నేను వాళ్లింటికి వెళ్లేసరికి అది లక్ష్మీదేవి పటం ముందు కుంకుమ బొట్టుతో కొత్త గుండీలా మెరుస్తోంది.

“ఎంత చిలుము పట్టిందో బాబూ! మావాడేమో వారాల తరబడి నీళ్లలో నానబెట్టుకుని కూర్చున్నాడు. నాకెంతసేపు పట్టింది?” అన్నారు గర్వంగా.

ఆంటీ ఉంటున్నది కొడుకు దగ్గర, ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో. అతను అక్కడ మత్తు డాక్టరు. నేను తెలుగు దినపత్రికలో చాలాకాలం పనిచేసి, మా ఆవిడ ఉద్యోగం వెంట ఆ ఊరు చేరినవాణ్ణి. ఆసుపత్రి డ్యూటీ రోటాలో సెలవు దొరికితే చాలు, అతను మెటల్ డిటెక్టర్ భుజాన వేసుకుని ఊరి బయట ఒక ముసలావిడ పొలానికి వెళ్లేవాడు. ఆమె అనుమతి లేనిదే గేటు దాటడు. ఏది దొరికినా ముందు ఆమెకే చూపిస్తాడు.

దుక్కి దున్నాక దొరికిందీ నాణెం. రోమన్లదేనని మ్యూజియం ఆయన చెప్పాడు. ఏ రాజుదో శుభ్రం చేస్తే గాని తెలియదట. ముసలావిడ వేసవిలో పొలం వదిలేసి ఫ్లాట్‌కి మారబోతోంది. “వెళ్లేలోపు అది ఎవరిదో చెప్పగలవా?” అని అడిగింది. చెబుతానని మాటిచ్చాడు.

అతను శుభ్రం చేస్తుంటే చూడటం నాకిష్టం. డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టేవాడు, నీళ్లు మార్చేవాడు, మళ్లీ నానబెట్టేవాడు. తర్వాత భూతద్దం కింద పెట్టి, టూత్‌పిక్ మొనతో ఇసుకరేణువంత మట్టి తీసి ఆగిపోయేవాడు. మత్తులో ఉన్న మనిషి ఊపిరిని కనిపెట్టుకుని ఉండే ఓపిక అది. డెడ్‌లైన్ల మధ్య బతికిన నాకు అలా ఆగడం ఎప్పుడూ చేతకాలేదు.

ఆ శుక్రవారం డ్యూటీ నుంచి రాగానే అతని చూపు పటం మీద పడింది.

“అమ్మా, దీన్ని తోమావా?”

“తోమకపోతే ఆ చిలుముతోనే అమ్మవారి ముందు పెట్టమంటావా?”

నాణేన్ని కిటికీ దగ్గరకు తీసుకెళ్లి తిప్పి చూశాడు. “రాజుగారు పోయారన్నా,” అన్నాడు నాతో.

“పోతే పోయాడు, ఎప్పుడో పోయినవాడేగా!” అన్నారు ఆంటీ.

అతను పకపకా నవ్వాడు. నవ్వడం అయ్యాక మెల్లగా చెప్పాడు: “లోపలి రాగిని మట్టి ఎప్పుడో తినేసిందమ్మా. బొమ్మా, అక్షరాలూ నిలిచింది ఆ చిలుములోనే.”

ఆంటీ కుర్చీలో కూలబడ్డారు. “మరి ఆ ముక్క ముందే చెప్పొచ్చుగదరా? మొహం ఉన్నవైపు ఏ దేవుడో అనుకుని మరీ గట్టిగా తోమానే!”

“నీ వంటింటి గిన్నెలో నానబెట్టి నీకు చెప్పకపోవడం నాదే తప్పు,” అంటూ అతను నాణేన్ని మళ్లీ మంచినీళ్లలో వేశాడు, చింతపండు పులుపు పోవాలని.

రెండోవైపు అక్కడక్కడా చిలుము మిగిలింది. ఆ వైపునే పట్టుకుని, ఎప్పటిలాగే టూత్‌పిక్‌తో పని సాగించాడు. ఈసారి ఆంటీ పక్కన కూర్చుని నీళ్లు మార్చేవారు. “ఇక చాలు, ఆగు,” అని ఆమే అనడం నా చెవులారా విన్నాను. చివరికి నిలబడి ఉన్న ఒక మనిషి ఆకారం, చెయ్యి చాచినట్టు, బయటపడింది. పక్కన రెండక్షరాలు.

ముసలావిడ దగ్గరికి అతనితో నేనూ వెళ్లాను. ఏదీ దాచలేదు. “మా అమ్మ మీ రాజుకి తలంటు పోసిందండీ,” అని ఇంగ్లిష్‌లో జరిగిందంతా చెప్పాడు. ఆవిడ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వి, ఆంటీకి ఒక జామ్ సీసా పంపింది.

ఆ నిలబడిన బొమ్మను చాలామంది రాజులు వేయించుకున్నారని మ్యూజియం ఆయన తేల్చాడు. రెండక్షరాలతో పేరు చెప్పలేనన్నాడు. నాణెం ఇప్పుడు ముసలావిడ ఫ్లాట్‌లో కిటికీ గట్టు మీద, నిలబడిన మనిషి పైకి కనిపించేలా ఉంది. అది ఏ రాజుదో ఇంతవరకు తెలియలేదు.