అక్కతో కలిసి కొన్న రంపం మిషన్

ఉద్యోగం నుంచి దిగిపోయిన ఏడు, కోరుట్లలో మా ఇంటి వెనక రేకుల కొట్టంలో చెక్కపని మొదలుపెట్టాను. మొదట చేతిరంపంతోనే. పొద్దున్నే తలుపు తీస్తే టేకు వాసన, వానకు నానిన మట్టి వాసన కలిసి మీదికొచ్చేవి. రేకుల సందుల్లోంచి జారే వెలుగులో రంపపుపొట్టు ఎక్కడా వాలాలన్న తొందర లేనట్టు తేలుతుండేది. ఏళ్ల తరబడి బడిలో లెక్కలు చెప్పి అలసిన నా గొంతు ఆ కొట్టంలో హాయిగా ఊరుకునేది.

కొన్నాళ్లకు భుజం నొప్పి పట్టుకుంది. మిషన్ కొందామని జగిత్యాల వెళ్లాను. దుకాణంలో రెండు చూపించారు. ఒకటి అక్కడే వెల్డింగ్ చేసిన ఇనుప బల్ల. నడుమ ఒక చీలిక, అందులోంచి పైకి లేచిన గుండ్రటి రంపం, కింద మోటారు. అంతే. రెండోది కంపెనీది. రంపం మీద గాజులా కనిపించే ప్లాస్టిక్ మూత, రంపానికి వెనకే నిటారుగా ఒక పలుచని ఉక్కు రేకు, ముందు పెద్ద ఎర్ర బటన్. కోసిన చెక్క మళ్లీ దగ్గరికి ముడుచుకుని రంపాన్ని పట్టేస్తే, మనిషి మీదికి ఎగిరొస్తుందట. అలా ముడుచుకోకుండా ఆపేది ఆ రేకు. ధర మాత్రం మొదటిదానికి రెండింతల పైనే.

దుకాణదారు ఉన్నమాట చెప్పేవాడు. "గీ మూతలు ఎవ్వలుంచుకోరు సార్. పనికి అడ్డమొస్తయని తీసి పక్కకు పడేస్తరు. ఇంక ఎందుకు గన్ని పైసలు?" అన్నాడు.

ఏదీ తేల్చుకోలేక బయటికొచ్చాను. ఇంటికి రంగులు వేయించడానికి దాచిన డబ్బది.

ఆ ఆదివారం సిరిసిల్లలో ఉన్న మా అక్క దగ్గరికి వెళ్లాను. మేం పుట్టిన ఆ ఊళ్లో మరమగ్గాన్ని సాంచ అంటారు. ఆ సాంచాల చప్పుడులోనే నేను పుట్టి పెరిగాను. ఇప్పటికీ ఆ వీధి మలుపు తిరగగానే నిద్ర కమ్ముకొస్తుంది, ఎవరో పొట్ట మీద మెల్లగా తడుతున్నట్టు. మా బాపు అక్కడే ఒక సేఠు కార్ఖానాలో సాంచాలు నడిపేవాడు. అక్క చిన్నప్పుడు ఆయనకు నూలు కండెలు అందించడానికి వెళితే, మగ్గంలో నూలును అటూ ఇటూ మోసే నాడె ఎగిరి తగిలి ఎడమకన్ను పోయింది. అది ఎవరి తప్పూ కాదని, అట్లా రాసిపెట్టి ఉందని ఇంట్లో అనుకునేవాళ్లం.

అరుగు మీద కూర్చుని మిషన్ల సంగతి చెప్పాను. దుకాణదారు మాట కూడా చెప్పాను. అక్క చేతిలోని చాయ్ గ్లాసు కింద పెట్టింది.

"ఒక ముచ్చట జెప్త తమ్మీ," అంది. "నాడె ఎగరకుండ సాంచకు అడ్డంగ ఒక ఇనుపకడ్డీ ఉంటది. గా దినం గా కడ్డీ లేదు. గోడకు నిలవెట్టి ఉండె. తెగిన పోగు అతికేతందుకు అడ్డమొస్తుందని బాపే తీసిండు. నేను లోపలికి పోంగనే సూసిన. గంతల్నే నాడె ఎగిరింది."

అమ్మకు చెప్పావా అని అడిగాను.

"ఎవ్వలకూ జెప్పలే. బాపు గూడ నన్నేం అడగలే. పైసలకు ఆశపడి తియ్యలే తమ్మీ, జల్ది అయితదని తీసిండు. గంతే."

మిగతాది మెల్లగా చెప్పింది. దవాఖానా నుంచి ఇంటికొచ్చిన మర్నాడే బాపు వెళ్లి కడ్డీ బిగించాడట. మళ్లీ ఎన్నడూ తీయలేదట. పోగు తెగితే దాని కిందుగా చెయ్యి పెట్టి అతికేవాడట. పని నడవట్లేదని సేఠు కోప్పడినా వినలేదట. వీధిలో అందరి నాన్నలూ ఇల్లు చేరాక, చీకటి పడ్డాక వచ్చే మా బాపు నడక నాకు గుర్తొచ్చింది. ఆయన చేతివేగం తక్కువని అనుకునేవాణ్ణి.

జగిత్యాలకు తనూ వస్తానంది అక్క. దుకాణంలో మూత మీద అరచేయి ఆనించి, అద్దం తుడిచినట్టు తుడిచింది. మూత తీయకుండానే ఒక ముక్క కోసి చూపించమంది. దుకాణదారు కోశాడు. చెక్క నీళ్లలో పడవలా సాగిపోయింది.

"అడ్డమేం రాలేదు గద," అంది అక్క. ఆయన నవ్వి, కోసిన ముక్కను అక్క చేతికిచ్చాడు.

కంపెనీదే కొన్నాం. గోడలు ఇంకో ఏడాది పాతరంగుతో ఉంటే వాటికేమీ నొప్పి పుట్టదని మా ఆవిడ అంది.

ఎండాకాలం పోయి వానలు పడ్డాక ఒకరోజు, సరిగా ఆరని వేపపలక కోస్తున్నాను. నడిమికి వచ్చాక పలక మూలిగింది. కోసిన గీత నా కళ్ల ముందే ముడుచుకోసాగింది. రెండు అంచులూ వచ్చి ఆ ఉక్కు రేకును పట్టుకుని ఆగిపోయాయి. ఎర్ర బటన్ నొక్కాను. రంపం తిరిగి తిరిగి, పాట మరిచిపోయినట్టు సన్నబడి ఆగింది. పలక ఎక్కడిదక్కడే ఉంది. బయట వాన పడుతోంది. నేను అక్కడే పొట్టులో కూర్చుండిపోయాను. నా పది వేళ్లనూ మొదటిసారి చూస్తున్నట్టు చూసుకున్నాను. భయం తర్వాత వచ్చింది. ముందు మాత్రం ఎంతో నెమ్మది.

సాయంత్రం అక్కకు ఫోన్ చేసి జరిగింది చెప్పాను. ఆమె వెనక సాంచాల చప్పుడు వినిపిస్తోంది.

"గా రేకు పెట్టినోళ్లు సల్లగుండాలె," అంది.

ఆ పలకను ఎండబెట్టి, మిగిలిన కర్రతో కలిపి వీపుకు ఆనుడు ఉన్న బెంచీ చేశాను. ఆటోలో వేసుకుని సిరిసిల్ల తీసుకెళ్లాను. అరుగు మీద ఎటు వేయాలో అక్కే చెప్పింది: వీధి తన కుడికంటి వైపుకు వచ్చేట్టు. కూర్చుంది. పోయేవాళ్లను పేరుపేరునా పలకరిస్తూ, పలకరిస్తూనే చెక్కకు తలవాల్చి నిద్రపోయింది.