సంతకాల బాబాయి అట్ట పుస్తకం

పరుపుల షాపులో లెక్కలు రాసే గుమాస్తాకి ఒకే ఒక్క పిచ్చి. నోటి మాట నమ్మడు. "రేపొస్తా" అన్నా సరే, జేబులోంచి అట్ట పుస్తకం తీసి, "రాసి సంతకం పెట్టు" అనేవాడు. అందుకే షాపులో అందరికీ ఆయన సంతకాల బాబాయి.

ఆ పిచ్చి ఇంట్లోనూ అంటుకుంది. "కూర బాగుంది" అని రాసి సంతకం పెడితేగాని పిన్ని రెండోసారి వడ్డించదట. షాపులో అమ్మకాలు చూసే అమ్మాయి అది విని, "నేన్నమ్మను, రాసివ్వండి బాబాయ్" అని ఏడిపించింది. ఆయన నిజంగానే రాసిచ్చాడు.

ఆమె ఏ ఆర్డరు తెచ్చినా కొన్నవాళ్ల సంతకం, ఆమె సంతకం, చివరికి యజమాని సంతకం పడాల్సిందే.

"అమ్మింది పరుపులు బాబాయ్, పొలాలు కాదు!"

"పరుపే కదా అని పడుకుంటేనే తల్లీ, కొంప మునిగేది."

యజమానికి ఆ పుస్తకం కనిపిస్తే ఒళ్లు మంట. వాదించే ఓపిక లేక చదవకుండానే గీకి పారేసేవాడు.

ఇంతలో ఆ అమ్మాయికి ఇంకోచోట మంచి ఉద్యోగం దొరికింది. మానేసే ముందు ఒక హాస్టలుకు అరవై పరుపులు అమ్మింది. ఆ డబ్బు షాపుకి చేరేసరికి నెల దాటింది. దాని కమీషన్‌తో వాళ్లమ్మకి చెవి మిషన్ కొనాలని ఆమె ఆశ. ఇంట్లో "అన్నం తిన్నావా?" అని తల్లిని అడిగితే, పక్కింటివాళ్లు "తిన్నాం" అని జవాబిస్తున్నారు మరి.

కమీషన్ అడగడానికి వెళ్తే యజమాని నవ్వాడు.

"డబ్బొచ్చేనాటికి నువ్విక్కడ లేవు కదమ్మా! మనిషే లేకపోతే కమీషనెక్కడిది?"

"ఎవరు అమ్మితే వాళ్లదేనని, చేరినరోజు మీరే అన్నారు కదండీ!"

"అన్నానా? ఎక్కడైనా రాసుందా?"

మూల బల్ల దగ్గర కుర్చీ కిర్రుమంది. బాబాయి వచ్చి పుస్తకం తెరిచి చదివాడు.

"అరవై పరుపుల ఆర్డరు ఈ అమ్మాయిది. డబ్బు ఎప్పుడు వచ్చినా, ఈమె ఉన్నా మానేసినా, కమీషన్ ఈమెకే చెందుతుంది."

కింద ఆమె కూడా చదవకుండానే పెట్టిన సంతకం, ఆ కింద యజమాని సంతకం, తేదీతో సహా.

"ఇదెప్పుడు పెట్టాను?"

"ఫోన్లో మాట్లాడుతూ పెట్టారండి. చదవమన్నాను. 'చదివి చచ్చేదేముంది, ఇలా తే' అన్నారు. అదీ రాసుకున్నాను, కిందే ఉంది చూడండి."

ఉంది. దాని కిందా ఆయన సంతకమే. యజమాని తిట్టుకుంటూనే డబ్బు ఇచ్చాడు.

మెట్లు దిగుతూ ఆమె అడిగింది. "మీకెందుకు బాబాయ్ ఇంత తాపత్రయం?"

"వయసులో ఉన్నప్పుడు కుట్టు మిషన్లు అమ్మేవాణ్ణి. మానేశాక కమీషనడిగితే, 'ఎక్కడ రాసుంది?' అన్నారు. నలభై మిషన్లమ్మా! నా కళ్లముందు ఇంకొకళ్లు అలా తెల్లమొహం వెయ్యకూడదని..."

ఇన్నాళ్లూ నవ్వినందుకు ఆమెకి సిగ్గేసింది. కళ్లు తుడుచుకుని, "మీ మేలు జన్మలో మర్చిపోను" అంది.

బాబాయి కలం తీశాడు. "రాసి సంతకం పెట్టు. సాక్షి కూడా కావాలి."

సాక్షి సంతకానికి మరుసటి వారం వాళ్లమ్మే వచ్చింది. "ఇక్కడ పెట్టండి!" అని బాబాయి ఆవిడ చెవి దగ్గర అరిస్తే, "ఎందుకలా అరుస్తారు? వినపడుతోందిగా!" అని విసుక్కుంది.

ఆ మాట కూడా రాయించుకున్నాడు.