బోసి గడప

బెజవాడ వన్‌టౌన్ చూడాలని మా చుట్టాల్లో ఎవరికి బుద్ధి పుట్టినా, వాళ్ళని తిప్పే పని నాదే. ఆటోనగర్‌లో లారీ విడిభాగాల కొట్టు నాది. చుట్టం బస్టాండులో దిగాడని ఫోన్ వస్తే చాలు, షట్టర్ దించేసి బండి తీస్తాను. కొండ కింద సందుల గురించి నేను చెప్పే చరిత్ర ఏ పుస్తకంలోనూ దొరకదు. పుస్తకాల వాళ్ళు జరిగినవే రాసుకుంటారు, పాపం.

ఉండవల్లి గుహలో పడుకున్న స్వామి మా చిన్నప్పుడు నది వైపు తిరిగి ఉండేవాడనీ, బ్యారేజీ మీద బండ్ల మోత ఎక్కువయ్యాక నిద్ర పట్టక ఇలా వెల్లకిలా తిరిగాడనీ మా బావమరిదికి చెప్పాను. అతను పాదాల దగ్గర నిలబడి చాలాసేపు జాలిపడ్డాడు. పాత మార్కెట్ వెనక సందు అంత ఇరుకెందుకయ్యిందంటే, ఎదురెదురు ఇళ్ళవాళ్ళు పంతానికి పోయి ఏటేటా అరుగులు ముందుకి జరుపుకుంటూ వచ్చారనీ, చివరికి రెండరుగులూ ముక్కు ముక్కూ రాసుకునే దాకా వచ్చేసరికి ఇక చేసేదేం లేక వియ్యమందుకున్నారనీ ఇంకొకళ్ళకి చెప్పాను. ఆ మాట విని ఒక పెద్దాయన, ఆ వియ్యపురాలు తమకి దూరపు చుట్టమన్నాడు.

ఈ కోతలన్నీ మొట్టమొదట విన్నది మా పిన్ని. నమ్మనిది కూడా ఆవిడొక్కతే.

మాది పెడన దగ్గర. ఇంట్లో మగ్గం ఆడుతూ ఉండేది గాని, దాని మీద నన్ను కూర్చోబెట్టడం నాన్నకి ఇష్టం లేక, చదువుకోమని బెజవాడలో పిన్ని వాళ్ళింటికి పంపాడు. బాబాయి వన్‌టౌన్‌లో బట్టల హోల్‌సేల్ కొట్టులో గుమాస్తా. దుర్గమ్మ కొండకి వెనకవైపు సందులో, బంగాళా పెంకుల మేడలో వీధివైపు వాటా వాళ్ళది. లోపల ఇంకా మూడు నాలుగు కాపురాలుండేవి. చెక్క స్తంభాలు, నిలువెత్తు టేకు తలుపులు, పై వసారాకి చెక్క కటకటాలు. ఆ సందులో ఇళ్ళన్నీ అలాంటివే. ఇల్లు ఎవరిదో గాని, వీధి గుమ్మం మా వాటాలో ఉండటం వల్ల గడప పిన్నిది.

శుక్రవారం పొద్దున్నే ఆవిడ గడప కడిగి, తడి ఆరకముందే పసుపు రాసేది. బొటనవేలు వదిలేసి మిగతా నాలుగు వేళ్ళూ ఒక్క ఊపున ఈ చివర నుంచి ఆ చివరికి. తర్వాత కుంకుమ బొట్లు, ముందు పిండి ముగ్గు. లోపలి కాపురాల ఆడవాళ్ళు నీళ్ళకెళ్తూ ఆ పసుపు తగలకుండా చీర ఎత్తిపట్టుకుని దాటేవాళ్ళు. నేను మాత్రం బడి నుంచి వచ్చి దానిమీదే చతికిలబడేవాణ్ణి.

"లేవరా! లక్ష్మి లోపలికి రావద్దూ? నువ్వు అడ్డంగా కూర్చుంటే ఆవిడ ఎట్నించి రావాలి?"

"నన్ను చూసే వచ్చేస్తుంది పిన్నీ. తెలిసినవాడే కదాని."

"నిన్ను చూస్తే వచ్చే ఆవిడ కూడా వెనక్కి పోతుంది."

అప్పుడే పిల్లి కథ పుట్టింది. మా వంటింటి కింద నుంచి కొండపల్లి కోట దాకా రాజుల కాలపు సొరంగం ఉందనీ, లోపలి వాటా వాళ్ళ గండుపిల్లి అందులో దూరి కొన్నాళ్ళు కనబడకుండా పోయి, చివరికి నోట్లో కొండపల్లి ఏనుగుబొమ్మ కరుచుకుని తిరిగొచ్చిందనీ, పిన్ని తలుపు తీయడం ఆలస్యమైతే గడప మీద గోళ్ళతో గీకిందనీ చెప్పాను. గీతలు కూడా చూపించాను. అవి ఏ బిందె ఈడ్చినప్పుడు పడ్డవో.

పిన్ని పసుపు చేత్తోనే నా నెత్తిమీద మొట్టి, "పోరా, నీ కోతలూ నువ్వూ!" అంది. తర్వాత ఎన్నేళ్ళ పాటు ఏ కథ చెప్పినా చివర ఆ మాట పడాల్సిందే. అది పడితేనే నాకు కథ పూర్తయినట్టు.

ఆ ఇల్లు వాళ్ళు వదిలింది ఒక ముసురులో. రెండ్రోజులుగా పడుతున్న వానకి కొండచరియ విరిగి వెనక సందులో గోడ మీద పడింది. ఎవరికీ ఏం కాలేదు గాని, పోలీసులొచ్చి ఉన్నపళాన ఖాళీ చేయమన్నారు. గురువారం అది. మర్నాడు రాద్దామని పసుపు గిన్నెలో కలిపి ఉంచుకుంది పిన్ని. బాబాయి ట్రంకుపెట్టె, పిన్ని దేవుడి పటాలు పట్టుకుని వానలో బయటపడ్డారు. నాలుగు రోజులు బళ్ళో తలదాచుకున్నాక బాబాయి భయపడిపోయి, కొండ నీడ పడనిచోట ఇల్లు చూశాడు. అక్కణ్ణించి ఇంకోటి. ఆయన పోయాక పిన్ని గన్నవరంలో కూతురి దగ్గర చేరింది. నెత్తిమీద విమానాలు దిగే ఇల్లు.

"వాన నీళ్ళకి పసుపంతా కొట్టుకుపోయిన గడప దాటి వచ్చేశానురా," అనేది అప్పుడప్పుడు. "అన్నేళ్ళు కాపాడింది. బోసిగా వదిలేసి వచ్చాను. ఒక్కసారి వెళ్ళి రాసొస్తే బాగుండు."

"వెళ్దాం పిన్నీ" అనేవాణ్ణి. కొండకి వెళ్ళే రోజు మోకాళ్ళనేది. మోకాళ్ళు బాగున్న రోజు మనవరాలి పరీక్షలనేది. ఆ గడప ఎక్కడికి పోతుందిలే అని ఇద్దరికీ ధీమా.

పోయిన ఆషాఢంలో కొట్టుకి పూజసామాను కొందామని వన్‌టౌన్ వెళ్ళాను. ఈమధ్య అటు పోవడమంటే నాకూ మనసొప్పడం లేదు. మా వైపు వసారాల మేడలు ఒక్కొక్కటీ కూలి, వాటి జాగాలో అద్దాల కొట్లు లేస్తున్నాయి. ఏ సందు మొగలో నిలబడి ఏ కథ మొదలుపెట్టాలన్నా, కథకి ఆనుకోవడానికి ఓ గోడైనా ఉండాలి కదా. ఆ రోజు పిన్ని వాళ్ళ సందులోకి తిరిగేసరికి మేడ మీద పెంకులు లేవు. వాసాల మీద కూర్చుని ఇద్దరు మనుషులు మేకులు పీకుతున్నారు. వీధి గుమ్మం ఇంకా నిలబడే ఉంది. గడప మీద దుమ్ము.

అక్కడే నిలబడి ఫోన్ చేశాను.

"పిన్నీ, మన మేడ పడగొట్టేస్తున్నారు. గుమ్మం ఇంకా ఉంది. ఇప్పుడే బస్సెక్కితే గంటలో వచ్చేస్తావు. నేను బస్టాండుకొస్తాను."

"ఒకసారి సినిమావాళ్ళు కొంటున్నారన్నావు. నిరుడేమో మ్యూజియం చేస్తున్నారన్నావు, బాబాయి గొడుగు అద్దాల బీరువాలో పెట్టారన్నావు."

"అవి వేరు పిన్నీ. ఇది నిజం."

"ఆషాఢంలో ఎవడన్నా ఇంటి జోలికి పోతాడట్రా?"

"కట్టడానికి కావాలి ముహూర్తం. పడగొట్టడానికెందుకు?"

"బానే అల్లావు. పోరా, నీ కోతలూ నువ్వూ!"

ఫోటో తీసి, పిన్ని కూతురు మా చెల్లెలి ఫోన్‌కి పంపాను. పెంకులు లేని మేడ, మేకులు పీకే మనుషులు, దుమ్ము పట్టిన గడప. కాసేపటికి పిన్నే చేసింది. నవ్వుతోంది. "ఈమధ్య కంప్యూటర్‌కి చెప్తే ఏ ఫోటో కావాలంటే అది చేసిపెడుతోందంట, టీవీలో చెప్పారు. నీకు ఇంకో తోడు దొరికింది. శ్రావణంలో వస్తాలే, మంచి శుక్రవారం చూసుకుని."

బండేసుకుని గన్నవరం వెళ్ళి ఆవిణ్ణి ఎక్కించుకు రావాల్సింది. కొట్లో ఓ లారీ ఆయన గేర్‌బాక్సు కోసం కూర్చుని ఉన్నాడని వెనక్కి వచ్చేశాను. పడగొట్టేవాళ్ళు మరీ అంత తొందరపడరనుకున్నాను.

శ్రావణ శుక్రవారం పిన్ని చెప్పినట్టే వచ్చింది. మీగడ రంగు చీర, చేతిసంచిలో పసుపు పొట్లం, కుంకుమ భరిణె, చిన్న ఇత్తడి గిన్నె. కొండ మీద అమ్మవారి దర్శనం అయ్యాక నా చెయ్యి పట్టుకుని సందులోకి వచ్చింది. దారి పొడుగునా అది సోడాకొట్టు, ఇది గాజుల మలారం ఆవిడ ఇల్లు అని అక్కడ లేనివన్నీ చూపిస్తూ వచ్చింది. మేడ ఈపాటికి పడిపోయి ఉంటుందని చెప్పబోయి మానుకున్నాను. చెబితే అది కూడా కోతే అవుతుంది.

మేడ ఉన్నచోట గొయ్యి. గోతిలోంచి ఇనుపచువ్వలు లేచి ఉన్నాయి. ముహూర్తం అయినట్టుంది, ఒక చువ్వకి మామిడాకులు కట్టి ఉన్నాయి.

పిన్ని గోతి అంచు దాకా వెళ్ళి లోపలికి చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"చెప్పావు కదరా," అంది. అంతే.

అక్కడ కాపలా ఉన్నాయన, కలపంతా కొండపల్లి రోడ్డులో పాత కలప అడితికి వెళ్ళిందన్నాడు. ఆటో మాట్లాడాను.

ఆ అడితిలోకి అడుగుపెట్టాం. నేను చుట్టాలకి చూపించిన వన్‌టౌన్ అంతా అక్కడుంది. వసారా కటకటాలు ఒక కుప్ప, స్తంభాలు ఒక కుప్ప, వాసాలు ఒక కుప్ప. గోడ వెంబడి ద్వారబంధాలు ఒకదాని మీద ఒకటి వాల్చి ఉన్నాయి. ఇళ్ళు లేని గుమ్మాలు. వాటిలోంచి చూస్తే అవతల ఇంకో గుమ్మం, దానవతల రేకుల షెడ్డు. ప్రతి గడపా పసుపే. ఏళ్ళ తరబడి ఎవరెవరి వేళ్ళో రాసిన పసుపు కర్రలో ఇంకిపోయి, పైన అట్టలు కట్టి ఉంది.

"కొండ వెనక సందులో మేడ తలుపులండీ, ఆషాఢంలో వచ్చినవి. ఎక్కడున్నాయి?" అని అడితి యజమానిని అడిగాను.

"మాకెట్లా తెలుస్తుందండీ? లారీలో వచ్చినవి వచ్చినట్టు దింపేస్తాం. ఆ నెలంతా అటువైపు నించేగా వచ్చింది సరుకు. కొలతలు చెప్పండి, చూద్దాం."

కొలతలు ఎవరికి తెలుసు? పిన్ని ఒక్కొక్క గడప దగ్గరా వంగింది. చేత్తో తడిమింది. కొబ్బరికాయ కొట్టిన సొట్టలున్నాయేమో చూసింది. అన్నిటికీ ఉన్నాయి. నడుమ అరిగిందేమో చూసింది. అన్నీ అరిగాయి.

"అన్నీ మనవే అన్నట్టున్నాయిరా," అంది నడుం పట్టుకుని. "నాకు తెలియడం లేదు. నువ్వు చెప్పు. ఏది?"

జీవితంలో మొదటిసారి ఆవిడ నన్నో మాట చెప్పమని అడిగింది. నేను ఆ గుమ్మాల వరస చూశాను. ఏళ్ళ తరబడి కూర్చున్న గడప, ఎలా ఉండేదో గుర్తుకు రాలేదు. మూడో దాని మీద నాలుగు గీతలు కనబడ్డాయి.

"ఇదే పిన్నీ. చూడు, పిల్లి గోళ్ళు."

ఆవిడ వంగి చూసింది.

"ఆ కొండపల్లి పిల్లేనా?"

"ఆ పిల్లే."

పిన్ని కొంగు దోపుకుంది. నా దగ్గరున్న సీసాలో నీళ్ళతో గడప కడిగి, గిన్నెలో పసుపు కలిపి, బొటనవేలు వదిలేసి నాలుగు వేళ్ళతో ఈ చివర నుంచి ఆ చివరికి రాసింది. గుమ్మం గోడకి వాల్చి ఉండటంతో పసుపు కిందికి కారింది. కారింది కారినట్టు మళ్ళీ రాసింది. భరిణె తీసి నా చేతికిచ్చింది.

"కుంకుమ నువ్వు పెట్టు. నేను పెట్టకూడదంటారు."

"మగవాణ్ణి, నాకేం తెలుసు?"

"ఇన్నాళ్ళూ దానిమీద కూర్చున్నావుగా. పెట్టు."

అడితిలో రంపం ఆపి ఇద్దరు పనివాళ్ళు చూస్తూ ఉండగా, లారీ గ్రీజు ఇంకా వదలని వేలితో, నేను వరసగా బొట్లు పెట్టాను. వంకర వచ్చాయి. యజమాని దగ్గరికొచ్చి మెల్లగా, "అమ్మగారూ, అది అమ్ముడుపోయిందండీ. గన్నవరం అవతల రిసార్టు కడుతున్నారు, రేపు ఎత్తేస్తారు," అన్నాడు.

"పోనీలే నాయనా. మేమేం తీసుకెళ్ళం. దానిది దానికి ఇచ్చేశాం, అంతే," అంది పిన్ని.

తిరుగు ప్రయాణంలో ఆటో నది పక్కగా పోతోంది. పిన్ని కొంగుతో వేళ్ళు తుడుచుకుంటూ తుడుచుకుంటూ ఆగింది. చూపుడువేలు చివర కేసి చూసుకుంది.

"ఒరేయ్. మన గడపకి కుడిపక్క గుర్రపు నాడా ఉండేది. మేం చేరేటప్పటికే ఎవరో పీకేశారు. మేకుల బెజ్జాలు రెండు అట్టానే ఉండేవి. పసుపు రాస్తే ఈ వేలు దాంట్లో దిగేది. ప్రతి వారం దిగేది." ఆ వేలిని బొటనవేలితో రుద్దుకుంది. "ఇవాళ దిగలేదేంటా అని."

ఆటో వెనక్కి తిప్పమందామని నోటిదాకా వచ్చింది. గోడకి వాల్చిన గుమ్మాల్లో ఏదో ఒకదానికి ఆ రెండు బెజ్జాలున్నాయి. పిల్లి గోళ్ళని చూపించకుండా ఉంటే, పిన్ని ఇంకో నాలుగు గడపలు తడిమి ఉండేది. వేలే పట్టిచ్చేది.

అప్పటికే ఊళ్ళోకి వచ్చేశాం. ఆవిడ మోకాళ్ళు వాచి ఉన్నాయి.

"పసుపు పేరుకుని పూడిపోయాయి పిన్నీ," అన్నాను. "నేను చూశాను. కుడిపక్కనే ఉన్నాయి."

పిన్ని నా మొహంలోకి చూసింది. తర్వాత నది వైపు తిరిగింది. బస్టాండు దాకా ఎదురుచూశాను, "పోరా" అంటుందేమోనని.

అనలేదు.