చెట్టెక్కేవాడు నడవలేడని రాశాను

బస్తర్ సంస్థానంలోని ఒక చిన్న దవాఖానాలో నేను డాక్టరుగా ఉన్న రోజుల్లో, నరాల జబ్బులకు వేరే వైద్యుడు ఉంటాడని ఆ అడవిలో ఎవరికీ తెలియదు. పక్షవాతం, మూర్ఛ, వణుకుడు, అన్నీ నా బల్ల ముందుకే వచ్చేవి.

ఒకసారి పోలీసు ఠాణా చూసే థానేదారు, భేజ్జి అనే ఊరి వైపు నుంచి ఒక ముసలి రైతును పంపాడు. అధికారుల సామాను మోయడానికి ఇంటికొకరు వెట్టికి రావాలన్నది అక్కడి రివాజు. ఈ మనిషి నడవలేనంటున్నాడట, పొద్దున్నే మాత్రం తాడిచెట్టెక్కి కల్లు దించుతున్నాడట. దొంగ వేషమని రాసిమ్మని కబురు. రాసిస్తే వీపు పగలగొట్టి మూట ఎత్తిస్తారు.

నేనూ దొంగ వేషమే అనుకున్నాను, ఆ సంగతి దాచను. దవాఖానా వెనక తాడిచెట్టు చూపించి ఎక్కమన్నాను. మోకు వేసుకుని పడుచువాడిలా ఎక్కేశాడు. పట్టుబడ్డావులే అని నవ్వుకున్నాను.

దిగి నేల మీద నిలబడ్డాడు. అంతే, పాదాలు అతుక్కుపోయాయి. కుడిచేతి వేళ్లు బీడీ చుడుతున్నట్టు ఆడుతున్నాయి. ముఖంలో కదలిక లేదు. వెంట వచ్చిన భార్య తన చేతికర్రను అతని కాళ్ల ముందు అడ్డంగా పెట్టింది. అతను దాటాడు. మళ్లీ పెట్టింది, మళ్లీ దాటాడు. ఇంట్లోంచి బండి దాకా, బండి నుంచి నా దాకా అలాగే వచ్చారట. నా పుస్తకంలో కంపవాతమనే ఈ వణుకుడు జబ్బు ఉంది గానీ ఆ కర్ర లేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

చెట్టెక్కగలడు, నడవలేడు, రెండూ నిజమేనని రాసి, వాళ్లను తెచ్చిన బంట్రోతుతో పంపాను. మర్నాడే థానేదారు బంట్రోతు తిరిగొచ్చాడు. మొగుడు పనికిరాకపోతే ఆ ఇంటి నుంచి పెళ్లాం రావాలట.

నాకు ఒళ్లు మండింది. ఆమె పోతే కర్ర ఎవరు పెడతారు? ఆ మనిషి గడప దగ్గరే నిలబడిపోతాడు, పొయ్యి దాకా కూడా పోలేడు. అయితే డాక్టరు ఇచ్చిన మందును రోగి దగ్గర నుంచి ఎవరూ తీసుకుపోకూడదని మా దవాఖానాకో నియమం ఉండేది. చీటీ తీసి రాశాను: ఈ రోగికి మందు ఇతని భార్య. రోజంతా వాడాలి. ఆపరాదు.

ఆలుమగలిద్దరూ ఇంకా దవాఖానాలోనే ఉన్నారు. రాసింది వాళ్లకు చదివి వినిపించాను. ఆమె మొగుడితో తమ దోర్లి భాషలో ఏదో చెప్పి, నా వైపు తిరిగి తెలుగులో అడిగింది.

"మందేంది దొరా? నేను ఆయన పెండ్లాన్ని. అట్లనే రాయి."

ఉత్త పెండ్లామని రాస్తే తీసుకుపోతారని చెప్పాను. ఆమె మళ్లీ అడిగింది.

"మీ రాజ్యంల పెండ్లాం కన్న మందే పెద్దదా?"

చీటీ మీద ముద్ర కొట్టి బంట్రోతు చేతిలో పెట్టాను. నేనున్నన్నాళ్లూ ఆ ఇంటికి వెట్టి కబురు మళ్లీ రాలేదు. ఆమె అడిగిన మాట తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది, ఆమె మీద కాదు.