వరండా ఆ చివర నాయన

నాయన రక్తంలోకి కంటికి కనపడని కొవ్వు బుడగలు ఎక్కించి ఒక రోజైంది. వాటి లోపల రేడియోధార్మిక మందు ఉంటుంది. క్యాన్సర్ గడ్డ ఉన్నచోట అవి చేరితే ఫోటోలో ఆ చోటు మెరుస్తుంది. గడ్డ ఒక్కచోటే ఉంటే ఆపరేషన్ చేస్తారు, పాకి ఉంటే చేయరు.

తెర మీద నాయన కాలేయం వెలిగిపోతుంటే డాక్టరు మొహంలోకి చూశాను.

"భయపడొద్దమ్మా, కాలేయం ఈ బుడగల్ని అందరిలోనూ పట్టుకుంటుంది," అన్నాడు డాక్టరు. అంతలోనే ఆయన వేలు వెన్నెముక మీదికి జరిగింది. అక్కడ రెండు చుక్కలున్నాయి. "ఇవి చూడండి. ఇంక ఆపరేషన్ కుదరదు."

బయటికొచ్చాను. నేను కడుపుతో ఉన్నాను కాబట్టి, ఒంట్లో ఆ మందు ఉన్నంతవరకు నాయన దగ్గరికి పోకూడదని అందరి ముందే చెప్పారు. ఆయన వరండా ఆ చివర నిటారుగా కూర్చున్నాడు. పొలాలన్నీ పోయినా ఆ కూర్చునే తీరు పోలేదు. ఇంటి మాట పదిమందిలో ఎత్తడం మా వంశంలో లేదు. నాయనకేమో చెవుడు.

"ఏమన్నాడు పాపా?" అని అరిచాడు.

"ఇంటికి పోయి చెప్తా నాయనా."

"వినపడల్యా. గట్టిగా చెప్పు!"

బెంచీ మీదున్న గొర్రెల కాపరి ఒకాయన నా వైపు తిరిగాడు. "పెద్దాయన అడుగుతాండాడు గదమ్మా. నువ్వు పోగూడదంటే నేను పోయి చెవిలో చెప్తా. ఏం చెప్పల్ల?"

పదిమందిలో ఎత్తని ఇంటి మాట, పేరు కూడా తెలియని ఆ మనిషికి చెప్పాను.

ఆయన నడిచిపోయి నాయన చెవి దగ్గర వంగాడు. నాయన తల ఊపి, ఆ కాపరి చేయి గట్టిగా పట్టుకున్నాడు. నేను ఈ చివర గోడకు ఆనుకుని చూస్తూ ఉండిపోయాను.