ఒళ్ళు చేసిన ఏడాది

మొయినాబాద్ దిక్కు సాఫ్ట్‌వేరోళ్ళు ఫాంహౌజ్‌ల కోసం ఎగబడుతున్న రోజులవి. కనకమామిడిల మాకున్న రెండెకరాలు అమ్మినం. మా ఆయన కారు కొని, వచ్చెటోళ్ళకు భూములు చూపించుకుంట ఊర్లు తిరగవట్టిండు. నాకే పని లేకుండ పోయింది. పదిహేనేండ్లు పొద్దుగాల్నే పాలకూర కోసి కట్టలు కట్టిన చేతులకు టీవీ రిమోట్ దొరికింది.

కలుపు లేదు, నీళ్ళు పెట్టుడు లేదు. కూసున్న తావునే మురుకుల డబ్బా ఖాళీ చేసేదాన్ని. మధ్యాహ్నం తిని పంటే పొద్దుగూకేటప్పుడు లేచేదాన్ని. ఆర్నెల్లల్ల జాకెట్లు పట్టకుండ అయినయ్. విప్పి కుట్టనీకి లోపల బట్ట మిగల్లేదని కుట్టే ఆమె చేతులెత్తేసింది. చుట్టాల పెండ్లికి పోతే ఆడోళ్ళంత నా దండచేతులు పట్టి చూసి, భూమి అమ్మినంక మంచిగ ఒళ్ళు చేసిందని మెచ్చుకున్నరు. సుఖమంటే గిదే కావచ్చని నేను గూడ అనుకున్న. కాకుంటే ఆ సుఖంల టీవీల సబ్బు ప్రకటన చూసినా ఏడుపొచ్చేది.

మోకాళ్ళ నొప్పులంటే మా ఆయన చేవెళ్లల దవాఖానకు తోలుకపోయిండు. డాక్టరమ్మ మోకాళ్ళు ఒక్క నిమిషం చూసింది. తర్వాతంత నిద్ర ఎట్ల పడుతున్నది, దేని మీదన్న మనసు పోతున్నదా అని అడుగుడే. అంత మంచిగనే ఉన్నదని చెప్పుకుంటనే ఏడ్చిన.

"ఇది మనసుకొచ్చిన జబ్బు. డిప్రెషన్ అంటరు," అన్నదామె. కొందరికి తిండి సయించదట, కొందరికి తిండి తప్ప ఏదీ సయించదట. నేను రెండో జాతి. మా ఆయనకు నమ్మకం కలుగలే. దిగులున్నోళ్ళు చిక్కిపోవాలె గద, ఇట్ల లావైతరా అని డాక్టరమ్మనే నిలదీసిండు.

ఆయన పైసలు కట్టనీకి పోతే నేను చీటీ పట్టుకొని బయట బల్ల మీద కూసున్న. పక్కన నాకన్న లావుగ ఒక మేడం. పంజాబ్ నుంచి వచ్చిందట, భర్త సాఫ్ట్‌వేర్, ఇల్లు అజీజ్‌నగర్‌ల. మా ఇద్దరి చీటీలు పక్కపక్కన పెట్టి చూస్తే అవే మందులు. వచ్చీరాని హిందీల మాట్లాడిన. బిడ్డ లావైతే మంచి ఇంట్ల పడ్డదని వాళ్ళమ్మ ఊరంత చెప్పుకున్నదట. ఆమెతోని ఆఫీసుల పనిచేసిన బెంగాలీ దోస్తు గూడ ఇదే జబ్బుతోని ఉబ్బితే, ఇంటోళ్ళు థైరాయిడ్ అని ఏడాది తిప్పిన్రట. అదే ఆఫీసుల తమిళామె మాత్రం ఈ జబ్బుతోనే పుల్ల లెక్క అయిందట. మీ దిక్కు దీన్ని ఏమంటరని మేడం అడిగింది.

"ఒళ్ళు చేసింది అంటరు. జబ్బని ఎవ్వరనరు," అన్న. డాక్టరమ్మ తలుపు తీసి చూసేదాక ఇద్దరం నవ్వినం.

వారం తిరగకముందే ఆమె పిలిస్తే వాళ్ళింటికి పోయిన. ఇంటెనుక పావెకరం గడ్డి, దానికి రోజు నీళ్ళు పెట్టనీకి ఒక మాలి. బర్రె లేదు, మేక లేదు, గడ్డెందుకని అడిగిన. చూడనీకట. చూస్తే మనసు బాగైతున్నదా అంటే లేదన్నది. అయితే తవ్వుదామన్న. ఆమె మాలితోని గడ్డపార తెప్పించింది. సగం గడ్డి పీకి మెంతి, టమాట పెట్టినం.

భూమి అమ్ముకొని మళ్ళ పరాయోళ్ళ తోటల పనికి పోతవా, నలుగురు నవ్వుతరని మా ఆయన అడ్డం పడ్డడు.

"నవ్వనీ. నేను ఏడవకుంటె చాలు," అన్న. ఆ మాట నా నోట్లకెళ్ళి ఎట్ల వచ్చిందో నాకే తెల్వదు. తెల్లారి ఆయనే నన్ను కారుల దింపొచ్చిండు.

మందులు ఏడాది మింగినం. నాకు నిద్ర దారికొచ్చింది, పొద్దుగాల లేస్తే చేసే పని యాదికొచ్చేది. ఇగ చాలని డాక్టరమ్మ చీటీ ఆపింది. మేడం ఎనిమిది కిలోలు తగ్గింది, నేను రెండే. మెంతి మాత్రం ఏపుగ పెరిగింది. దాంతోని ఆమె నెయ్యేసి పరాటాలు చేసేది. నేను కూసొని నాలుగు తినేదాన్ని. ఈసారి ఆకలైతేనే తింటున్న గద అంటే, ఆమె ఇంకోటి వేసేది.